సీసా మెడకు కట్టిన చీటీ

(మన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడ సరిచేసి ఇచ్చినది.)



మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు ఏ విషయం మీద అని అడిగాను. మీకు తెలిసినదాని మీదే చెప్పండి అన్నారు. నాకు తెలిసింది మట్టి, బట్టీ, పూత. పుట్టింది నేతింట్లోనే. సోలాపూర్‌లో మా నాయన సాంచాలు నడిపేవాడు, చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేనూ కండెలు చుట్టినవాణ్ణే. కానీ చదువు నన్ను పింగాణీ వైపు తీసుకుపోయింది. ముప్పై ఏళ్లు టైల్స్, సిరామిక్ పూతల పనిలో ఉండి రిటైరయ్యాను. అందుకని ఇవాళ మగ్గం మీద కాకుండా ఒక సీసా మీద మాట్లాడతాను. కొరియా దేశపు సీసా, దాదాపు 900 ఏళ్ల నాటిది. నేతవాళ్ల సభలో సీసా ముచ్చటేంది అని ముందు వరుసలో ఒకాయన అప్పుడే పక్కాయనతో అంటున్నాడు, వినబడింది. కొంచెం ఓపిక పట్టండి, భోజనాల టైముకు ముగిస్తాను.

సియోల్ నగరంలో కొరియా జాతీయ మ్యూజియం ఉంది. అందులో ఒక సీసా ఉంది. ఎత్తు జానెడు. ఒంటికి ఖర్బూజా పండుకు ఉన్నట్టు నిలువు గాడులు. మూతి పువ్వు విచ్చినట్టు బయటికి తెరుచుకుని ఉంటుంది. అడుగున పీట, ఆడపిల్ల లంగా కుచ్చిళ్లు పోసినట్టు, సన్నసన్నటి మడతలు మడతలుగా ఉంటుంది. బొమ్మ లేదు, రాత లేదు, బంగారం లేదు. ఉన్నదంతా ఆకారం, రంగు, అంతే. గొర్యో రాజ్యాన్ని ఏలిన ఇన్‌జోంగ్ అనే రాజు సమాధిలో దొరికింది. ఆయన 1146లో పోయాడు. ఆ సంవత్సరం వేసిన రాత కూడా సమాధి సామానుతో పాటు దొరికింది కాబట్టి దీని వయసు మీద తగువు లేదు.

గొర్యో అంటే 918 నుంచి 1392 దాకా కొరియాను ఏలిన రాజ్యం. మనం ఇవాళ ‘కొరియా’ అంటున్న పేరు దాని నుంచి వచ్చిందే.

ఈ సీసా ఏ మట్టితో చేశారంటే, ఇంట్లో ఆవకాయ పెట్టే జాడీ ఉంటుంది చూడండి, అది ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే. మామూలు కుండ తక్కువ వేడి మీద కాలుతుంది, నీళ్లు పోస్తే చెమరుస్తుంది. జాడీ మట్టిని చాలా ఎక్కువ వేడి మీద కాలుస్తారు, మట్టి లోపలే కరిగి గట్టిపడి రాయిలాగా అవుతుంది. ఉప్పు, నూనె, పులుపు ఏది పోసినా పీల్చుకోదు. దాని మీద గాజులాంటి పూత. మన జాడీకి ఆ పూత తెలుపో గోధుమరంగో ఉంటుంది. ఈ సీసాకు ఆకుపచ్చ. ఇంగ్లీషు వాళ్లు దీన్ని సెలడాన్ అంటారు.

ఆకుపచ్చ అంటే మనవాళ్లకు వెంటనే చిలకపచ్చ గుర్తుకొస్తుంది. అది కాదు. నెమలికంఠం కాదు, పాచిరంగు కాదు. మబ్బు పట్టిన పూట నిండు చెరువు నీళ్లు చూసినట్టు, కొంచెం నీలం, కొంచెం బూడిదరంగు, లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టు ఉంటుంది. ఆ రంగుకు గొర్యో జనం ఒక పేరు పెట్టుకున్నారు: బిసేక్. ఆ మొదటి అక్షరానికి లకుముకి పిట్ట అనీ చెప్తారు, పచ్చరాయి అనీ చెప్తారు. రంగుల పేర్లు ఎక్కడైనా అంతే గదా. ఒక రంగుకు ప్రత్యేకంగా పేరు పెట్టారంటే ఆ రంగు చూసి బతికే జనం అక్కడ ఉన్నారని లెక్క. రంగు అద్దే ఇళ్లలో పుట్టిన మీకు ఇది నేను చెప్పక్కర్లేదు.

పేరు సంగతి మనకు ఎట్లా తెలిసిందంటే, 1123లో చైనా నుంచి షూ జింగ్ అనే ఆయన రాయబారుల వెంట గొర్యో రాజధానికి వచ్చాడు. ఇదే ఇన్‌జోంగ్ రాజు గద్దెనెక్కిన కొత్తలో. చూసినదల్లా రాసుకున్నాడు. ఇక్కడి వాళ్లు తమ పచ్చ పాత్రలను బిసేక్ అంటారని, ఈమధ్య పనితనం, రంగు బాగా మెరుగయ్యాయని, పండు ఆకారంలో ఉన్న మద్యం పాత్రలు చూశానని రాశాడు. ఇందులో ఒక విశేషం ఉంది. కొరియా వాళ్లు ఈ విద్య నేర్చుకున్నది చైనా వాళ్ల దగ్గరే. పచ్చ పూత పాత్రలకు చైనా పుట్టినిల్లు. అట్లాంటి చైనాలోనే ఆ రాజవంశం కాలంలో ఒకాయన లోకంలో మేలైన వస్తువులు ఏవేవని జాబితా రాస్తే, అందులో పచ్చ రంగు పాత్రల దగ్గరికి వచ్చేసరికి గొర్యో వాళ్ల పేరు పెట్టాడు. నేర్పిన ఇంటివాడే శిష్యుడి పనికి పెద్దపీట వేశాడన్న మాట.

ఇప్పుడు ఆ రంగు ఎట్లా వచ్చిందో చెప్తాను. ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, క్షమించాలి.

పూతలో వేసేది పెద్ద సామానేం కాదు. కొన్ని రకాల రాయిపొడి, మట్టి, కట్టె కాల్చిన బూడిద. అందులో నూటికి రెండు మూడు పాళ్లు ఇనుము. రంగునిచ్చేది ఆ కాస్త ఇనుమే. అదే ఇనుము ఇటుకను ఎర్రగా చేస్తుంది. మరి ఇక్కడ పచ్చగా ఎందుకు వచ్చింది? గాలి వల్ల. బట్టీలో గాలి బాగా ఆడితే పూత పసుపుకో గోధుమకో తిరుగుతుంది. వేడి 1,200 డిగ్రీల దరిదాపులకు పోయాక గాలి దారులు మూసి, కట్టెలు ఎక్కువ వేసి, మంటను ఊపిరాడకుండా చేస్తే, మంటకు కావాల్సిన ప్రాణవాయువును అది పూతలోని ఇనుము నుంచి గుంజుకుంటుంది. అప్పుడు ఇనుము తన రంగు మార్చుకుని పచ్చబడుతుంది.

మీలో నీలిమందు కాగు దగ్గర నిలబడ్డ పెద్దలు ఉంటారు. కాగులోంచి నూలు తీస్తే ముందు పసుపు పచ్చగా వస్తుంది, గాలి తగిలితే మన కళ్ల ముందే నీలం అవుతుంది. అక్కడ గాలి తగలాలి, ఇక్కడ గాలి తగలకూడదు. రెండు చోట్లా రంగును నడిపించేది గాలే. తేడా ఏందంటే కాగు దగ్గర మీరు నూలును చూస్తూ ఉంటారు, తేడా వస్తే మళ్లీ ముంచుతారు. బట్టీలో ఆ వీలు లేదు. కొండవాలు మీద పాములాగా పొడుగ్గా కట్టిన మట్టి బట్టీ, అందులో మట్టి గుళ్లల్లో దాచిపెట్టిన సీసాలు. వాటి మీద ఏం జరుగుతోందో కంటికి కనబడదు. మంట రంగు చూసి, పొగ చూసి, చప్పుడు విని తెలుసుకోవాలి. థర్మామీటరు లేదు. గంట ముందు మూస్తే ఒక రంగు, గంట ఆలస్యమైతే ఇంకో రంగు. మ్యూజియంలో ఉన్నవి నెగ్గినవి. ఓడినవి బట్టీల పక్కన గుట్టలు గుట్టలుగా పెంకులై పడి ఉన్నాయి. దక్షిణ కొరియాలో సముద్రం ఒడ్డున గంగ్‌జిన్ అనే చోట అట్లాంటి పాత బట్టీల జాడలు నూట ఎనభైకి పైగా దొరికాయి.

మంచి గొర్యో సీసాను తిరగేసి చూస్తే అడుగున మూడు చిన్న తెల్లటి చుక్కల్లాంటి గుర్తులు ఉంటాయి. నువ్వు గింజంత ఉంటాయనుకోండి. అడుగుకు కూడా పూత పూశారు కాబట్టి బట్టీలో నేలకు అంటుకోకుండా మూడు తెల్లరాతి ముక్కల మీద నిలబెట్టారు. ఎవరూ చూడని అడుగు భాగానికి కూడా పూత వేశారు చూడండి. చీరను మడత విప్పి వెనకవైపు చూసి బేరం ఆడే ఆడవాళ్లకు ఈ పనివాడి మనసు తెలుస్తుంది.

మొదట్లో ఇట్లా ఒట్టి రంగు మీదే నడిచింది. తర్వాత ఒక కొత్త పని వచ్చింది. సంగ్‌గమ్ అంటారు. 1159లో పోయిన ఒక అధికారి సమాధిలో ఈ పని ఉన్న గిన్నె దొరికింది కాబట్టి, అప్పటికే బాగా చేతికొచ్చి ఉందని తెలుస్తుంది. ఈ పని అర్థం చేసుకోవడానికి మీకన్నా తగినవాళ్లు లేరు. బట్ట మీద పువ్వు కావాలంటే రెండు దార్లు: నేశాక అద్దడం, లేకపోతే నేతలోనే బుటా ఎక్కించడం. అద్దకం పైన ఉంటుంది, బుటా బట్టతో పాటు పుడుతుంది. సంగ్‌గమ్ బుటా జాతి పని. సీసా పచ్చిగా ఉండగానే, మరీ తడి కాదు మరీ ఆరిందీ కాదు, చెక్కితే తోలు తెగినట్టు తెగే అదనులో, కొంగ బొమ్మో మబ్బు బొమ్మో గీసి ఆ గాటులోంచి మట్టి తీసేస్తారు. ఆ గుంటలో తెల్లమట్టి నింపుతారు, నలుపు కావలసిన చోట ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి నింపుతారు. పైన ఎక్కువైంది గీకేస్తే గీత శుభ్రంగా తేలుతుంది. ఒకసారి తక్కువ వేడి మీద కాల్చి, అప్పుడు పచ్చ పూతలో ముంచి, మళ్లీ పెద్ద వేడికి ఎక్కిస్తారు. ఎర్రమట్టి నల్లగా, తెల్లమట్టి తెల్లగా, పైన నీళ్లలాంటి పచ్చ. కొంగలు నీటి కింద ఎగురుతున్నట్టు కనబడతాయి.

వినడానికి ఇంతే. కష్టం ఎక్కడంటే మూడు మట్టులు మూడు రకాలుగా ముడుచుకుంటాయి. పట్టు ఒక పక్క, నూలు ఒక పక్క పెట్టి నేసిన బట్టను మొదటిసారి ఉతికితే ఏమవుతుందో మీకు తెలుసు. అక్కడ బట్ట ముడతలు పడుతుంది. ఇక్కడ కొంగ రెక్క ఊడి కింద పడుతుంది, లేదా సీసా పగులుతుంది. ఆ మూడు మట్టులు ఒకే కొలతలో ముడుచుకునేట్టు కుదర్చడం ఎన్ని తరాల పనో ఆలోచించండి.

ఈ పనిలో పేరుపడ్డ సీసా సియోల్‌లోనే కాన్‌సాంగ్ మ్యూజియంలో ఉంది. భుజం వెడల్పుగా, మూతి చిన్నగా, నడుము కిందికి సన్నబడి ఉండే ఈ రకాన్ని మేబ్యంగ్ అంటారు, ప్లమ్ పూల కొమ్మను పెట్టే సీసా అని తర్వాతి వాళ్లు పెట్టిన పేరు. మూరెడు ఎత్తు లేదు గానీ ఒంటినిండా కొంగలే. గుండ్రటి చట్రాల లోపలివి పైకి ఎగురుతుంటాయి, చట్రాల బయటివి కిందికి దిగుతుంటాయి. లెక్కపెట్టినవాళ్లు అరవై తొమ్మిది అన్నారు, కానీ తిప్పుతూ చూస్తే లెక్క తప్పుతుంది. అందుకే దానికి వేయి కొంగల సీసా అని పేరొచ్చింది.

ఇంకొక మాట చెప్పకుండా ఈ విషయం వదలలేను. కొన్ని మేబ్యంగ్ సీసాల భుజాల మీద ఒక బట్ట బొమ్మ ఉంటుంది. సీసా మూతి మీద చదరపు పట్టుగుడ్డ కప్పితే నాలుగు కొసలు భుజాల మీదికి ఎట్లా వాలుతాయో అట్లా, అంచులతో, లోపలి పూలతో సహా మట్టిలో చెక్కి మట్టితో నింపారు. సీసాల మీద నిజంగా గుడ్డ కప్పే అలవాటు చూసే అట్లా చేసి ఉంటారనిపిస్తుంది. ఆ గుడ్డ ఒక్కటి కూడా మనకు మిగల్లేదు, బట్ట మట్టిలో ఎన్నాళ్లు ఉంటుంది? కుమ్మరి చేతిలో దాని నీడ మాత్రం మిగిలింది. ఆ గుడ్డ నేసిన మనిషి ఎవరో మన కులపోడే అని నేను అనుకుంటాను. కులం లేని దేశంలో కులపోడేంది అని నవ్వకండి, మగ్గం మీద కూర్చున్నాడా లేదా?

సరే, ఇవి చేసినవాళ్లు ఎవరు?

గొర్యో రాజ్యంలో ‘సో’ అని కొన్ని ప్రత్యేకమైన ఊళ్లు ఉండేవి. ఒక్కో ఊరు ఒక్కో సరుకు చేసి రాజ్యానికి కట్టాలి. పింగాణీ చేసే ఊళ్లు అట్లాంటివే. గంగ్‌జిన్ దగ్గర దేగు, చిల్యాంగ్ అని రెండు ఉండేవి. మామూలు ఊరివాళ్ల కన్నా వీళ్లను తక్కువగా చూసేవారు. ఊరు విడిచి పోవడానికి వీల్లేదు, చదివి కొలువు చేసే దారి లేదు, పన్ను మాత్రం ఎక్కువ. 1157లో ఒక రాజుకు తోటలో మండపం పైకప్పుకు కూడా పచ్చ పింగాణీ పెంకులే కావాలనిపించింది. వేయించాడు. ఆ పెంకులు కాల్చిన ఊరి ఇళ్ల పైకప్పు ఏంటో చరిత్రలో రాయలేదు.

పేర్లు? ఒకే ఒక్క పాత్ర సంగతి చెప్తాను. 993లో రాజుల పూర్వీకుల గుడి కోసం చేసిన ఒక జాడీ అడుగున ఏ సంవత్సరం, ఏ పూజ కోసం అని రాసి, చివర చేసినవాడు చే గిల్హ్వే అని పేరు చెక్కి ఉంది. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో పని ఎంత ఎత్తుకు పోయిందో విన్నారు గదా. ఇన్‌జోంగ్ సీసా మీద పేరు లేదు. వేయి కొంగల సీసా మీద పేరు లేదు.

చీటీల మీద మాత్రం పేర్లు ఉన్నాయి. అది ఎట్లాగో చెప్తా, పిల్లలు కూడా వినండి, ఇందులో ఒక ఆక్టోపస్ ఉంది.

గంగ్‌జిన్ నుంచి రాజధానికి సరుకు ఓడల్లో పోయేది, పడమటి ఒడ్డు వెంబడి. దారిలో తేయన్ అనే చోట సముద్రం చాలా చెడ్డది, ఎన్నో ఓడలు మునిగాయి. 2007లో అక్కడ ఒక జాలరి చిన్న జాతి ఆక్టోపస్‌లు పడుతుంటే ఒకటి పచ్చ పింగాణీ పళ్లాన్ని కరుచుకుని పైకి వచ్చింది. ఆ పళ్లెం పట్టుకుని వెతికితే 12వ శతాబ్దపు ఓడ, అందులో 20 వేలకు పైగా పాత్రలు. కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. వాటితో పాటు కర్ర చీటీలు: ఎక్కడి నుంచి, ఎవరికి, ఎన్ని.

తర్వాత ఆ పక్కనే మాదో అనే చోట ఇంకొన్ని ఓడలు దొరికాయి. రెండో ఓడలో రెండు అందమైన మేబ్యంగ్ సీసాలు, వాటితో వెదురు చీటీలు. 1200 సంవత్సరం దరిదాపులవి. రాజధానిలో ఉన్న ఓ మున్‌బు అనే సైనికాధికారి ఇంటికి చేర్చాలని రాసి ఉంది. ఒక సీసాలో తేనె, రెండోదానిలో నువ్వుల నూనె. అప్పటిదాకా పండితులు మేబ్యంగ్ అంటే పూలకొమ్మ పెట్టడానికో, మద్యానికో అని రాసుకుంటూ వచ్చారు. చీటీ చూస్తే వంటింటి సామాను! పైగా ఆ చీటీ మీద దాన్ని ‘జున్’ అన్నారు, జాడీ అన్నట్టు. నాకైతే సంతోషం వేసింది. ఇంత పనితనం అద్దాల బీరువా కోసం పుట్టలేదు, నువ్వుల నూనె పోసుకోవడానికి పుట్టింది.

చీటీ మీద తినేవాడి పేరు ఉంది. సీసా చేసినవాడి పేరు లేదు. మన చీర కొసకు కట్టే చీటీ మీద ఏం ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. షాపు పేరు, ధర, బార్‌కోడు. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. 800 ఏళ్ల నాటి చీటీకి దీనికి పోలిక ఉందని మాత్రం అంటున్నాను.

ఇట్లాంటి విద్య ఎట్లా పోయింది? ఒక్కరోజులో పోలేదు. 1231 నుంచి మంగోలు సైన్యాలు మీద పడ్డాయి. రాజు రాజధాని వదిలి నలభై ఏళ్ల దాకా ఒక దీవిలో తలదాచుకున్నాడు. కొనే ఇల్లే చెదిరింది. తర్వాతి శతాబ్దంలో సముద్రపు దొంగలు ఒడ్డున ఉన్న ఊళ్లను దోచుకున్నారు. ఒడ్డు జనం లోపలికి వలసపోయారు, కుమ్మరులూ పోయారు. 1392లో రాజ్యమే మారింది. కొత్త రాజ్యానికి కొత్త అభిరుచి, తర్వాత్తర్వాత తెల్ల పింగాణీ మీద మోజు. లోపలికి పోయిన కుమ్మరులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దొరికిన మట్టితో, పైన తెల్లమట్టి పూసి, అచ్చులతో పూలు గుద్ది, బున్‌చాంగ్ అనే ఇంకో రకం చేశారు. అదీ చాలా అందమైనదే. మన తాతలు ఊళ్లు వదిలి సోలాపూర్ చేరి చద్దర్లు, టవళ్లు నేసినట్టు. చేయి బతికింది. పచ్చ రంగు మాత్రం పోయింది. ఎందుకంటే ఆ రంగు ఒక్కడి చేతిలో లేదు. ఫలానా గుట్ట మట్టి, ఫలానా చెట్టు బూడిద, బట్టీ కట్టేవాడు, మంట చూసేవాడు, చెక్కేవాడు, వీళ్లంతా ఒకే ఊళ్లో ఉంటేనే ఆ రంగు. ఊరు విడిపోతే ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క మిగిలింది. రాసి పెట్టుకుందామంటే రాత వాళ్లకు అందనిచ్చిన వాళ్లెవరు?

ఐదు వందల ఏళ్లలో దేశమే మర్చిపోయింది. పాత్రలు చచ్చినవాళ్లతో సమాధుల్లో ఉండిపోయాయి. 1900 దాటాక జపాన్ వాళ్ల పెత్తనం వచ్చింది, పాత రాజధాని చుట్టూ సమాధులు తవ్వి పాత్రలు ఎత్తుకుపోవడం మొదలైంది. అప్పటి ఒక కథ చెప్పుకుంటారు. జపాన్ పెద్ద అధికారి ఇతో హిరోబుమి ఈ పచ్చ పాత్రలను కొరియా రాజు గోజోంగ్‌కు చూపిస్తే, ఇవి ఎక్కడివి, మా దేశంలో ఇట్లాంటివి లేవే అన్నాడట. కథే కావచ్చు. కానీ ఆ కథ చెప్పుకునే స్థితి వచ్చిందంటే చాలదా?

వస్తువును వెనక్కి తెచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. జోన్ హ్యంగ్‌పిల్, పెద్ద ఆస్తిపరుడు. 1935లో ఆ వేయి కొంగల సీసా ఒక జపాన్ వ్యాపారి దగ్గర ఉంటే 20 వేలు పోసి కొన్నాడు. అప్పుడు సియోల్‌లో మంచి పెంకుటిల్లు వెయ్యికి వచ్చేదంటారు, అంటే ఇరవై ఇళ్లు. తర్వాత ఒకరు రెట్టింపు ఇస్తానన్నా అమ్మలేదు. 1938లో తన సొంత మ్యూజియం కట్టాడు.

విద్యను వెనక్కి తెచ్చిన మనిషి వేరే. డబ్బు లేనివాడు. యూ గున్‌హ్యంగ్, 1894లో పుట్టాడు. కుర్రవాడుగా ఉన్నప్పుడే సియోల్‌లో పాత సీసాలకు నకళ్లు చేసే కార్ఖానాలో పనికి చేరాడు. నకలు చేస్తూ చేస్తూ అసలు రంగు పట్టుకోవాలని పట్టుదల పెరిగింది. పాత బట్టీలు ఉన్న చోట్లకు పోయి పెంకులు ఏరుకున్నాడు, మట్టి తెచ్చుకున్నాడు, ఏ బూడిదతో ఏ రంగు వస్తుందో చూశాడు. కాల్చడం, పగలడం, మళ్లీ కాల్చడం. ఇట్లా ఏళ్ల తరబడి. చివరికి ఇచాన్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు, పేరు తెచ్చుకున్నాడు, కొడుక్కి నేర్పాడు. 1993లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు. 1970ల చివర్లో గంగ్‌జిన్‌లో కూడా మళ్లీ బట్టీ వెలిగించారు, ఇప్పుడు అక్కడ ఈ పాత్రలకే ఒక మ్యూజియం ఉంది.

పూతల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ఆ మనిషి శ్రమ తెలుసు. ఇవాళ యంత్రం కింద పెడితే ఏ పెంకులో ఇనుము ఎంతో, సున్నం ఎంతో గంటలో కాగితం మీద వస్తుంది. అయినా ఆ కాగితం పట్టుకుని పోయి అదే రంగు తీయమంటే తీయలేం. కాగితం మీద ఏముందో చెప్తుంది, ఎట్లా చేశారో చెప్పదు. గట్టిగా ఆలోచిస్తే, యూ గున్‌హ్యంగ్ జీవితమంతా పెట్టి వెతికినదాంట్లో సగం, దేగు ఊళ్లో పన్నెండేళ్ల పిల్లకు తెలిసే ఉంటుంది. ఈ చెట్టు బూడిద వద్దు, ఆ గుట్ట మట్టి తే అని వాళ్లమ్మ రోజూ చెప్పే ఉంటుంది. ఎవరూ ఆ పిల్లను అడగలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను, రెండే మాటలు.

మన బట్టలు మ్యూజియాల్లో ఉన్నాయి, పుస్తకాల్లో రంగుల ఫోటోలున్నాయి, వాటికి ఢోకా లేదు. నేను భయపడేది ఇంట్లో మూలకు కూర్చున్న ముసలివాళ్ల గురించి. వానాకాలంలో గంజి ఎంత చిక్కగా పెట్టాలి, ఎండాకాలంలో ఎంత పల్చగా పెట్టాలి అనేది ఏ డిజైను పుస్తకంలో ఉంది? కాగు అదనుకు వచ్చిందని వాసన చూసి చెప్పే మనిషి మీ ఇంట్లో ఇంకా ఉన్నారా? గుంటమగ్గం మీద కూర్చున్న ఆఖరు మనిషి ఎవరు? మా తరం సాంచాల దగ్గరే మొదలైంది, మా పిల్లలు కంప్యూటర్ల దగ్గర. అది తప్పు అనను. నేనే మగ్గం వదిలి మట్టి పట్టుకున్నాను, పిల్లల్ని మళ్లీ గుంటలో కూర్చోమని చెప్పే మొహం నాకెక్కడిది? మగ్గం మీద కూర్చోకపోయినా అడగొచ్చు గదా. పడుగుకు ఇన్ని పోగులు ఎందుకు, ఈ పనిముట్టును మన ఇంట్లో ఏమనేవారు, ఆ బుటాకు ఆ పేరు ఎట్లా వచ్చింది అని.

సేలం నుంచి వచ్చిన దేవాంగుల ఇంట్లో ఒక మాట, భీవండి పద్మశాలి ఇంట్లో ఇంకో మాట, బరంపురంలో ఇంకోటి ఉంటుంది. ఏది సరైనదని తగువు వద్దు, అన్నీ రాయాలి. మాట పక్కన చెప్పినవాళ్ల పేరు, ఊరు తప్పకుండా ఉండాలి. మన సంచిక ఈసారి డిజిటల్‌లో వస్తోంది కాబట్టి గొంతు కూడా పెట్టొచ్చని యువజన విభాగం పిల్లలు చెప్పారు. ఫోన్‌లో రికార్డు చేసి పంపితే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు. అధ్యక్షులు గారు ఇందాకే ఒప్పుకున్నారు, అందరి ముందూ చెప్తున్నాను కాబట్టి ఇక వెనక్కి పోలేరు.

భోజనాల హాలు గుమ్మం పక్కన టేబుల్ మీద ఒక రిజిస్టర్ పెట్టించాను. మొదటి పేజీ మా మేనత్త చెప్పింది: గంజిలో ఏం కలిపేవారు, ఏ పొద్దున పడుగు సాపు చేసేవారు, మబ్బు పడితే ఏం చేసేవారు. ఆమె వయసు 84. చెప్తూ చెప్తూ మధ్యలో రెండుసార్లు నన్ను తిట్టింది, ఇన్నేళ్లకు అడుగుతున్నావేందిరా అని. అది కూడా రాశాను. రెండో పేజీ నుంచి ఖాళీగానే ఉంది. పెన్ను దారంతో కట్టి ఉంటుంది, దయచేసి జేబులో వేసుకుపోకండి.